మందుతోబాటు మాట, మాటతోబాటు చోటు

హుగ్లీ నది కలకత్తా నగరమును వెనుకకు విడిచి సముద్రాభిముఖముగా సాగిపోవు దారిలో, తూర్పుగట్టున, ఓడరేవులకును నౌకానిర్మాణశాలలకును నడుమ విస్తరించియున్న గార్డెన్ రీచ్ అను పేట తెలుగువారికి బొత్తిగా పరాయిది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీకి ప్రధాన కార్యాలయము ఇచ్చటనే వెలసినది. ఆ కంపెనీ పోయి 1955లో ఆగ్నేయ రైల్వే వచ్చినను కార్యాలయము కదలలేదు. 2003లో తూర్పుకోస్తా రైల్వే వేరుపడువరకు మన వాల్తేరు డివిజనుపై పెత్తనమంతయు ఈ నదీతీరపు భవనమునుండియే సాగినది. బదిలీ కాగితము వచ్చినను, పింఛను కాగితము వచ్చినను, పెద్ద జబ్బు చేసినవారిని ఇక్కడి కేంద్ర రైల్వే ఆసుపత్రికి పంపవలసి వచ్చినను, ఉత్తరాంధ్రపు రైల్వే కుటుంబముల చూపు తరతరములుగా ఈ వైపునకే తిరిగియుండెడిది. ఖరగపూరు కార్ఖానాలలోను, కలకత్తా రేవులలోను, నదికి ఇరుగట్టులనున్న జనపనార మిల్లులలోను చెమటోడ్చిన తెలుగువారి సంతతి నేటికిని వంగదేశమున కలదు.

ఈ పేటకు ఆనుకొనియున్న మటియాబ్రుజ్‌లో మరియొక ప్రవాసి నివసించెను. 1856లో ఇంగ్లీషువారు అవధ్ రాజ్యమును కాజేసిన పిమ్మట నవాబు వాజిద్ అలీ షా ఇచ్చటికి వచ్చి, 1887లో మరణించువరకు ఇచ్చటనే కాలము గడిపెను. వంటవారు, గాయకులు, నర్తకులు, దర్జీలు, తుదకు వింతమృగముల శాలతో సహా ఒక చిన్న లక్నో నగరమునే ఆయన తన చుట్టును నిలుపుకొనెను; ఆ దర్జీల వృత్తి ఈనాటికిని మటియాబ్రుజ్ వీథులలో జీవించియున్నది. రాజ్యము పోయిన దుఃఖమును తన భాషలో వినువారు, తన వంట వండువారు, తన పాట పాడువారు చుట్టును ఉండుట ఎంతటి మనోధైర్యమో ఆ నవాబునకు తెలియును. రైలు కంపెనీలో కూలికి వచ్చిన ఖలాసీ వెంట మాత్రము ఒక రేకుపెట్టె తప్ప మరేమియు రాలేదు. అట్టి యింట ఒక బిడ్డకు మతి చెదిరినచో ఆ కుటుంబమునకు ఏది దిక్కు అనునదియే ఈ వ్యాసమునకు ప్రేరణ.

రైల్వే క్వార్టర్లలో కాపురముండు ఒక తెలుగు కుటుంబమును ఊహించుకొందము. ఇరువదియేండ్ల కుమారుడు కళాశాలకు పోవుట మానినాడు. రాత్రులు నిద్రలేదు. పక్కింటివారు కుళాయినీటిలో ఏదో కలుపుచున్నారని కుండలు బోర్లించుచున్నాడు. ఒంటరిగా కూర్చుండి ఎవరితోనో వాదులాడుచున్నాడు. తల్లి మొదట గాలి సోకినదనుకొనును, తాయెత్తు కట్టించును, మ్రొక్కులు మ్రొక్కును, ఊరినుండి వచ్చిన మేనమామ పెండ్లి చేసిన కుదురుకొనునని సలహా చెప్పును. ఏడాది గడచిన పిదప, వాడు తండ్రిమీద చేయెత్తిన నాడుగాని ఆసుపత్రి ముఖము చూడరు. అచట వైద్యుడు హిందీలో ప్రశ్నించును. తండ్రి డ్యూటీలో నేర్చిన హిందీలో జవాబు చెప్పును. కుమారుడు నోరు మెదపడు. వాని చెవిలో అహోరాత్రములు మ్రోగుచున్న తిట్లు తెలుగు తిట్లు. వానిని గద్దించుచున్నది చనిపోయిన తాత కంఠస్వరము. దానిని హిందీలోనికి మార్చి చెప్పుమనిన, ఆరోగ్యవంతునికే నోరాడదు. చెదిరిన మనస్సుతో నున్నవాడు ఎట్లు చెప్పగలడు? ఎముక విరిగిన ఎక్స్‌రే చూపును, రక్తము చెడిన పరీక్ష చెప్పును. మనోవ్యాధికి మాత్రము రోగి మాటయే పరీక్ష, వాని మౌనమే లక్షణము. మాట అందనిచోట మౌనమునకు అర్థము తెలియుట దుర్లభము.

ఈ సంగతిని మన శాసనకర్తలు గుర్తింపకపోలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టము, రోగికి తన వ్యాధిని గూర్చియు చికిత్సను గూర్చియు తెలుపు సమాచారము అతనికి అర్థమగు భాషలోను రూపములోను ఉండవలెనని స్పష్టముగా శాసించినది. అదొక దయాధర్మము కాదు, హక్కు. ఆ హక్కు కలకత్తాలోని తెలుగువానికి, హైదరాబాదులోని ఒడియా కూలికి, విశాఖలోని బెంగాలీ వలసకార్మికునికి సమానమే. ఐనను ఏ ఆసుపత్రి గుమ్మమున ఈ భాషాసహాయము సిద్ధముగా నున్నదో వెదకి చూచిన నిరాశయే మిగులును.

మందుల విషయమున నాకు ఎట్టి సందేహమును లేదు. స్కిజోఫ్రేనియా వంటి తీవ్రవ్యాధులకు మందు అవసరము. మందు మానుకొనుమని చెప్పువాడు రోగికి శత్రువు. మాత్రలు మ్రింగనివారికి నెలకొకసారి వేయు ఇంజెక్షన్లు కలవు. ఉన్మాదము, విషాదము ఒకదాని వెంట నొకటి వచ్చిపోవు బైపోలార్ వ్యాధికి లిథియము దశాబ్దములుగా ఉపకరించుచున్నది. రక్తములో దాని పరిమాణమును, మూత్రపిండముల స్థితిని, థైరాయిడ్‌ను కనిపెట్టుచుండవలెను. ఇతర ఔషధములకు లొంగని స్కిజోఫ్రేనియాకు క్లోజపిన్ తుది ఆశ. అది వాడువారి తెల్ల రక్తకణములను తొలి మాసములలో వారము వారము పరీక్షింపవలెను. ఇవియన్నియు క్రమము తప్పక జరుగవలెననిన ఆసుపత్రి అందుబాటులో నుండవలెను, వెంటబెట్టుకొని పోవువాడొకడుండవలెను. ఇంతయు చేసినను, చెవిలోని మాటలు తగ్గును గాని, వ్యాధి అంతటితో విడిచిపోదు. ఉత్సాహము నశించును, ముఖము వాడును, స్నానము చేయుటకైనను మనస్సు రాదు. మందు అణచలేని ఈ శేషమునే ఇంటివారు సోమరితనమని భ్రమపడి నిందింతురు. వ్యాధి వచ్చినవానిని ఇంట ఎడతెగక విమర్శించుచుండిన వ్యాధి త్వరగా తిరుగబెట్టునని 1950లనుండి లండనులో జరిగిన పరిశోధనలు వెల్లడించినవి. తిట్టు ఇంత విషమైనప్పుడు ఓర్పుగల మాట ఎంతటి ఔషధమగునో ఊహింపవచ్చును. ఆ ఓర్పును కుటుంబమునకు నేర్పవలసినవారు ఎవరు? నేర్పుటకు ఆసుపత్రిలో సమయమేది?

1950 ప్రాంతమున అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఈ ప్రశ్నకు చక్కని సమాధానమిచ్చెను. ఆసుపత్రిలో మంచములు చాలనప్పుడు ఆయన ఆవరణలో డేరాలు వేయించి, రోగి వెంట బంధువులను కూడ ఉండుడని పిలిచెను. వారు అచ్చటనే వండి పెట్టిరి, వ్యాధి స్వభావమును చూచి తెలిసికొనిరి, కొన్ని వారములలో రోగితోబాటు ఇంటికి పోయిరి. వెలుపలి గోడలెత్తైన ఆశ్రమములలో ఏండ్ల తరబడి విడువబడు రోగులకును, ఈ డేరాలలోని రోగులకును ఎంత భేదమో చెప్పనక్కరలేదు. తరువాత వెల్లూరులోని మానసిక వైద్యశాలయు ఈ పద్ధతినే అవలంబించినది.

కలకత్తాకు మానసిక చికిత్స విషయమున ఒక చరిత్ర కలదు. గిరీంద్రశేఖర్ బోస్ 1922లో భారతీయ మనోవిశ్లేషణ సమాజమును స్థాపించి, వియన్నాలోని ఫ్రాయిడ్‌తో ఉత్తరప్రత్యుత్తరములు జరిపిన పండితుడు. ఆయన 1940లో తిల్జలాలో ఆరంభించిన లుంబినీ పార్క్ ఆసుపత్రికి, పరశురాముడను కలము పేరుతో హాస్యకథలు వ్రాసిన అన్నగారు రాజశేఖర్ బోస్ ఆస్తిని అర్పించెను. ఇది వెలుగైన పుట. మరియొక పుట చీకటి. నేరమేమియు చేయని మానసిక రోగులను వంగదేశపు జైళ్లలో నేరస్థులతోబాటు బంధించుచుండిరి. పాత్రికేయురాలు షీలా బర్సే చేసిన పోరాట ఫలముగా సర్వోన్నత న్యాయస్థానము 1993లో దానిని చట్టవిరుద్ధమనియు రాజ్యాంగ విరుద్ధమనియు తేల్చి చెప్పవలసి వచ్చినది. గోబ్రాలోని పావ్లొవ్ ఆసుపత్రి మొదలగు ప్రభుత్వ చికిత్సాలయములలో, వ్యాధి నెమ్మదించి ఇంటికి పోదగినవారై యుండియు, తీసికొనిపోవు బంధువు రాక ఏండ్లుగా వేచియున్న స్త్రీపురుషుల సంగతి వార్తాపత్రికలలో పలుమారులు వెలువడినది. ఎందరో తమ ఊరిపేరు చెప్పగలరు. ఆ ఊరికి వ్రాసిన ఉత్తరమునకు జవాబు రాదు.

ఈ దుఃస్థితిని చూచి కలకత్తాలోని కొందరు చేయుచున్న పనియే నేను మిక్కిలి గౌరవముతో చెప్పదలచినది. 2007లో ఏర్పడిన ఈశ్వర్ సంకల్ప అను సంస్థ పేవ్‌మెంటుమీద జీవించు మానసిక రోగులను పట్టి గోడల వెనుక వేయుటను ప్రథమ కర్తవ్యముగా పెట్టుకొనలేదు. వారి కార్యకర్త ముందుగా ఆ వ్యక్తి యుండు వీథికి పోవును. మొదటి దినమున మాట్లాడినను మాట్లాడకున్నను, ఒక టీ గ్లాసును, ఒక రొట్టెను ఇచ్చి, కొంత దూరమున కూర్చుండి తిరిగి వచ్చును. మరునాడును అట్లే. కొన్ని దినములకు ఆ మనిషి అతని రాకను గుర్తించును. కొన్ని వారములకు తల క్షౌరమునకు, గోళ్లు తీయించుకొనుటకు, మరియొక చొక్కా తొడుగుకొనుటకు ఒప్పుకొనును. తదనంతరము మానసిక వైద్యుడు ఆ వీథికే వచ్చి ఆ పేవ్‌మెంటు మీదనే పరీక్షించును. ఇక మందు ఎవరు ఇత్తురు? ఎదుటి టీ కొట్టు యజమాని! లేదా కూరగాయలమ్ము స్త్రీ, లేదా మెకానిక్కు షెడ్డు మేస్త్రి. ఆ మనిషిని ఏండ్లుగా చూచుచున్నవారే సంరక్షకులగుదురు. మాత్రల పొట్లము వారి దగ్గర నుండును. భోజనవేళ వారే పిలిచి ఇత్తురు. ఇచ్చిన గురుతు కార్యకర్త వచ్చినప్పుడు చూపుదురు. రాత్రులందు వీథిలో నుండుట మరింత ప్రమాదకరమైన స్త్రీలకొరకు ఈ సంస్థ చేత్లాలో శర్బరి అను ఆశ్రయమును నెలకొల్పినది.

ఈ విధానములోని గొప్పతనమును తేలికగా చూడరాదు. పాత ఆశ్రమముల పద్ధతి రోగిని ముందుగా తన స్థలమునుండి పెకలించుచున్నది, తరువాత తిరిగి నాటుటకు చోటు దొరకదు. ఈ పద్ధతి అతనికి తెలిసిన చెట్టునీడను, తెలిసిన మొగములను, తెలిసిన కుక్కపిల్లను కూడ చికిత్సలో భాగము చేసికొనుచున్నది. బంధువులు విడిచినను వీథి విడువలేదని అతనికి అనుదినమును తెలియుచున్నది. ఒక టీ కొట్టువానికి ఇట్టి బాధ్యత అప్పగించుట అపాయకరమని విద్వాంసులు సందేహింపవచ్చును. కాని గోవాలోను, మహారాష్ట్రలోను, తమిళనాడులోను స్కిజోఫ్రేనియా రోగులకు శిక్షణ పొందిన సామాన్య సామాజిక కార్యకర్తలు ఇంటికి పోయి తోడ్పాటునిచ్చు పద్ధతిని పరీక్షింపగా, కేవలము ఆసుపత్రి వైద్యము పొందినవారికంటె ఈ సేవ కూడ పొందినవారికి వైకల్యము కొంత తగ్గెనని 2014లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించినది. ఆ మేలు అద్భుతము కాదు, మితమైనది. తమిళనాడు గ్రామములలో ఎక్కువగా కనబడినది. ఐనను వైద్యుల కొరతతో కృశించుచున్న దేశమునకు ఈ మితమైన మేలే గొప్పది.

పని కూడ చికిత్సయే. రత్నాబలీ రాయ్ నెలకొల్పిన అంజలి సంస్థ తోడ్పాటుతో పావ్లొవ్ ఆసుపత్రిలోనే రోగులు నడుపు టీదుకాణమును, బట్టలు ఉతుకు శాలయు వెలసినవి. టీ కాచి, చిల్లర లెక్కించి, ఎదుటివానిని ‘ఇంకొక కప్పా?’ అని అడుగునప్పుడు ఆ మనిషి రోగి కాడు, దుకాణదారుడు. కూలి చేతికి వచ్చిన నాడు అతని నడక మారును. ఇట్టివానిని వార్డులోనుండి వెలుపలికి తెచ్చుటకు 2022లో వంగ ప్రభుత్వము, అంజలి కలిసి బాండెల్ రోడ్డులో ప్రత్యయ్ అను గృహమును తెరచిరి. ఆసుపత్రికిని, స్వతంత్ర జీవనమునకును నడుమ కొంతకాలము నివసించి, ఉద్యోగము వెదకుకొని, వంట నేర్చుకొని, తనకొక తలుపు తాళముచెవి సంపాదించుకొనుటకు అది ఒక మెట్టు.

ఇచ్చట నేనొక సంగతిని గట్టిగా చెప్పవలెను. సమాజము, కుటుంబము, వీథి అని మనము పొగడునప్పుడు ప్రభుత్వము దానిని సాకుగా చేసికొని తన చేతులు కడుగుకొనరాదు. ఇంటి దగ్గర చికిత్స యనిన, జీతము మానుకొని బిడ్డకు కాపలా కాయు తల్లిపై మొత్తము భారము వేయుట కాదు. ఆమె నడుము వంగువరకు వేచియుండుట కాదు. సమాజ చికిత్సకు మనుష్యులు కావలెను, వారికి జీతము కావలెను, వారిని నడిపించు వైద్యుడు కావలెను. పైని జెప్పిన 2017 నాటి చట్టములోని 19వ విభాగమున, కుటుంబము లేదనియో, కుటుంబము ఆదరింపదనియో, సమాజములో తగిన వసతులు లేవనియో ఏ వ్యక్తియు ఆసుపత్రిలో నుండిపోరాదని వ్రాయబడియున్నది. సగము దారి (హాఫ్‌వే) గృహములు, సాయముతో కూడిన నివాసములు కల్పించుట ప్రభుత్వముల విధి. ఆ నిబంధన పుట్టి ఏండ్లు గడచినవి. మన రెండు తెలుగు రాష్ట్రములలో అట్టి గృహములెన్ని? హైదరాబాదు ఎఱ్ఱగడ్డ ఆసుపత్రిలోను, 1871 నాటి విశాఖపట్టణపు మానసిక వైద్యశాలలోను సేవచేయు వైద్యులు తమ శక్తికి మించియే పనిచేయుచున్నారు. వారిని నిందించుట న్యాయము కాదు. చికిత్స ముగిసిన రోగిని పంపుటకు చోటు లేనిది వైద్యుని తప్పు కాదు.

ఇక తల్లిదండ్రులను రాత్రులు నిద్రపోనీయని ప్రశ్న ఒకటున్నది: మేము పోయిన తరువాత వీడి గతి ఏమి? గార్డెన్ రీచ్ నుండి పింఛను పుచ్చుకొనెడి రైల్వే కుటుంబములకు ఒక మేలు నిశ్చయముగా కలదు, కాని తెలిసినవారు తక్కువ. ఉద్యోగి సంతానమునకు మానసిక వ్యాధి లేదా వైకల్యమువలన తనను తాను పోషించుకొను శక్తి లేనిచో, పాతికేండ్లు దాటినను ఆ సంతానమునకు యావజ్జీవము కుటుంబ పింఛను ఇయ్యవలెనని రైల్వే పింఛను నిబంధనలు చెప్పుచున్నవి. వైద్య ధ్రువపత్రము తీసికొని, తండ్రి బ్రతికియుండగనే ఆ బిడ్డ పేరును పింఛను పత్రములో వ్రాయించుట మేలు; తండ్రి పోయిన పిమ్మట ఆఫీసుల చుట్టు తిరుగలేక మానసిక రోగి పేరు కాగితములలోనే మాసిపోవును. సంరక్షకుని సంగతి మరియు కఠినము. బుద్ధిమాంద్యము, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యములు కలవారికి 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము క్రింద జిల్లా స్థాయి కమిటీ సంరక్షకుని నియమింపగలదు. స్కిజోఫ్రేనియా రోగి ఆ చట్టపు పరిధిలో లేడు. అతని తండ్రి తరచుగా కోర్టు మెట్లెక్కవలసి వచ్చును. ఒక వైకల్యమునకు కలెక్టరు కార్యాలయమున దొరకు న్యాయము మరియొకదానికి దొరకకపోవుట వివేకము కాదు. పార్లమెంటు ఈ లోటును పూరింపవలెను.

తిరిగి గార్డెన్ రీచ్ వైపు వచ్చెదము. హౌరాకు పోవు బండ్లు మన రాష్ట్రములను దినమంతయు దాటుచున్నవి. మతి చెదిరినవాడు ఏ స్టేషనులోనో బండి యెక్కి, దిగిన చోట ఊరిపేరు మరచి తిరుగుట అసాధారణము కాదు. ఆ విధముగా దారితప్పినవారిని వెదకి ఇంటికి చేర్చుటనే తన జీవితకార్యముగా పెట్టుకొనిన బొంబాయి వైద్యుడు భరత్ వట్వానీకి 2018లో మెగసెసే పురస్కారము లభించినది. కలకత్తా ఆసుపత్రుల వార్డులలో తెలుగులో నిట్టూర్చువాని ప్రక్కన కూర్చుండి ‘మీదే ఊరు బాబూ?’ అని అడుగు మనిషి ఉండవలెను. సర్వారోగ్యమునకు ఇదొక్కటియే చాలదు, కాని ఇది లేనిదే చికిత్స మొదలు కాదు.

కావున నేను ఈ క్రింది పనులను ఆశించుచున్నాను. గార్డెన్ రీచ్ కేంద్ర రైల్వే ఆసుపత్రి, తెలుగు మాతృభాషగా గల ఉద్యోగులలో కొందరిని ఎన్నుకొని, మనోరోగితో మాట్లాడు పద్ధతిలో శిక్షణ యిచ్చి, వారి పేర్లను మానసిక వైద్యుని బల్లపైనుంచవలెను. ఈ సహాయకులకు ఆ దినపు జీతము డ్యూటీగానే లెక్కింపవలెను. కలకత్తాలోని తెలుగు సంఘములు ఉగాది సంబరములకు పోగుచేయు ధనములో ఒక వంతు ఆసుపత్రి దర్శనములకు కేటాయించిన, ఆ భాష విని ముఖము ఎత్తువారు ఎందరుందురో వారికే తెలియును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్యశాఖలు చెరియొక అధికారిని నియమించి, ఇరుగుపొరుగు రాష్ట్రముల మానసిక ఆసుపత్రులలో తమవారు ఎవరైన ఉన్నారేమో విచారించి, చిరునామా దొరకినవారిని తోడుపెట్టి ఇంటికి తెచ్చి, ఊరిలోని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున మందు ఎడతెగక అందునట్లు చేయవలెను. కుటుంబము నిరాకరించినచో వారికొరకు విశాఖలోను, హైదరాబాదులోను, మామూలు వీథులలో, మామూలు అద్దెయిండ్లలో, అయిదారుగురు మించకుండ ఒక వంటయింటితో నడుచు చిన్న నివాసములు కావలెను. ఆ యిండ్ల అద్దెకును, అందుండు సహాయకుల జీతములకును ఎంత సొమ్ము కేటాయించినారో రాబోవు బడ్జెటు పద్దులలో చూపుడని శాసనసభ్యులను అడుగవలసిన బాధ్యత మనది.